వాకిటి నేల

వాకిలి అనే మాట చాలా ప్రాచీనమైనది. తమిళుల 'వాయిల్', కన్నడిగుల 'బాగిలు', మన 'వాకిలి' ఒకే మూలం నుండి పుట్టిన సోదర పదాలు. నోరు అనే అర్థంలో పూర్వం తెలుగులో వాడుకలో ఉన్న 'వాయి' అనే పదం వీటిలో దాగి ఉన్నదని భాషావేత్తలు చెబుతారు. ఆ లెక్కన వాకిలి అంటే ఇంటికి నోరు. ఇంటికి వచ్చేవారూ, ఇంటినుండి వెళ్ళేవారూ ఆ దారినే నడుస్తారు. తెల్లవారుజామున చల్లే కళ్ళాపి నీళ్ళు, వర్షాకాలపు వాననీళ్ళు అక్కడే నేలలోనికి ఇంకిపోయేవి. ఈ కళ్ళాపినే మన పూర్వకవులు కలయంపి అన్నారు. ప్రబంధాల పురవర్ణనలలో గంధపు నీటి కలయంపులకూ, ముత్యాల ముగ్గులకూ కొదవ లేదు. ఆ ముగ్గు నిలిచేటట్లు మట్టిని తడిపి, దిమ్మిసతో కొట్టి, చదును చేసిన చేతుల ప్రస్తావన మాత్రం ఆ వర్ణనలలో అరుదు.

గడచిన మూడు నాలుగు దశాబ్దాలలో వాకిలి రూపురేఖలు మారిపోయాయి. మధ్యతరగతి ఇంటికి కారు వచ్చింది. గేటు నుండి పోర్టికో వరకు కారు నడవడానికి దారి కావలసివచ్చింది. ఈ ప్రహరీగోడ నుండి ఆ ప్రహరీగోడ వరకు అంగుళం కూడా విడవకుండా సిమెంటు కాంక్రీటు పరచడం ఆచారంగా మారింది. దీనికి తెలుగులో ప్రత్యేకమైన పేరేదీ స్థిరపడలేదు. జనం పాత అలవాటు కొద్దీ గచ్చు అనే అంటారు. గచ్చు వేయించేవారిని తప్పుపట్టడానికి వీలులేదు. బురద ఉండదు, కలుపు మొలవదు, పురుగూపుట్రా భయం తగ్గుతుంది. చీపురుతో ఒక్కసారి ఊడిస్తే చాలు, అద్దంలా ఉంటుంది. అయితే ఆ అద్దం మూడు నాలుగేళ్ళు గడిచేసరికి ఎందుకు పగులుతున్నదన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న ఎన్నో ఊళ్ళలో వినిపించేదే కాని, విశాఖపట్టణం శివార్లలోని ఉక్కునగరం చుట్టుపక్కల దానికి ఒక ప్రత్యేకమైన చరిత్ర ఉన్నది.

విశాఖలో ఉక్కు కర్మాగారం కావాలని 1966లో ఆంధ్రదేశమంతటా ఉద్యమం చెలరేగింది. విద్యార్థులు వీధులలోకి వచ్చారు, కాల్పులలో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారం గురించి ప్రకటన చేశారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న నాటి ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ తేదీల మధ్య వేల ఎకరాల భూమి చేతులు మారింది. ఎన్నో పల్లెలు లేచిపోయి, గాజువాక, వడ్లపూడి, అగనంపూడి పరిసరాలలో పునరావాస కాలనీలుగా మళ్ళీ వెలిశాయి. ఆ పల్లెల నేలమీదనే సెక్టార్లుగా విభజించిన ఉక్కునగరం, అందులో ఉద్యోగుల క్వార్టర్లు లేచాయి. క్వార్టరు ముందు మట్టి వాకిలి ఉండేది. మామిడి, కొబ్బరి, మునగ, కరివేపాకు ఎవరి ఇష్టం కొద్దీ వారు పెంచుకొనేవారు. వానపడితే నీరు చెట్ల మొదళ్ళలోనికి పోయేది. ఆ ఇల్లు మాత్రం ఉద్యోగిది కాదు. పదవీ విరమణ చేసిననాడు తాళంచెవులు అప్పగించి, తాను నాటిన మామిడిచెట్టును అక్కడే విడిచి రావలసిందే.

అలా వచ్చినవారు ఎక్కువ దూరం పోలేదు. ముప్ఫై ఏళ్ళు అలవాటైన గాలిని, ఇరుగుపొరుగును వదులుకోలేక కూర్మన్నపాలెం, దువ్వాడ, అగనంపూడి వైపు రెండు వందల గజాల స్థలం కొనుక్కొని ఇళ్ళు కట్టుకొన్నారు. అటువంటి ఇళ్ళలో ఒకదాని యజమాని కర్మాగారంలో 'గోదావరి' దగ్గర పనిచేసి విరమించిన పెద్దాయన. అన్నట్లు, ఈ కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. నిప్పుల కొలిమికి నది పేరు పెట్టిన రసికుడెవరో కాని ఆయనను అభినందించాలి.

పెద్దాయన ఇంటి ముందు గచ్చు పది మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, నాలుగు అంగుళాల మందం. గృహప్రవేశం ముందురోజు వరకు పనులు సాగడం చేత ఆ గచ్చును మండుటెండలో హడావిడిగా పోశారు. మూడోనాడు దానిమీద షామియానా వేసి భోజనాలు వడ్డించారు. మొదటి వేసవిలోనే మధ్యగా ఒక సన్నని గీత కనిపించింది. దాని మీద సిమెంటు పాలు పోసి పూడ్చారు. రెండో ఏడు వానలకు గేటు పక్క మూల కుంగింది. మూడో ఏటికి కర్రతో తట్టితే అక్కడక్కడ డొల్ల శబ్దం వినిపించసాగింది. నాలుగో ఏడు కుంగిన మూలలో నీరు నిలిచి పాచి పట్టింది. ఒక ఉదయం పాలప్యాకెట్ల కోసం గేటు దగ్గరకు వెళ్ళిన ఇల్లాలు ఆ పాచి మీద జారి పడింది. మణికట్టు ఎముక విరిగి నలభై రోజులు కట్టుతో ఉండవలసివచ్చింది. అంతవరకు గచ్చు పగులు కంటికి మాత్రమే వికారం. ఆనాటి నుండి అది ఇంటి సమస్య అయింది.

పెద్దాయనకు తెలిసిన విద్య ఉక్కు. పాత గచ్చును పూర్తిగా తీసివేసి, ఆరు అంగుళాల మందంతో, లోపల ఇనుప చువ్వల వల వేసి, ఈసారి ఏనుగు నడిచినా చెక్కుచెదరని గచ్చు వేయించాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. కాగితం మీద లెక్కలు వేశాడు. భవిష్యనిధి నుండి వచ్చిన సొమ్ములో ఇల్లాలి చేతి వైద్యానికి పోగా మిగిలినదానిలో ఎంత పెట్టవచ్చునో రాసుకొన్నాడు. తెలిసినవారి ద్వారా ఒక తాపీమేస్త్రిని పిలిపించాడు.

మేస్త్రికి యాభై అయిదేళ్ళు ఉంటాయి. ఆయన కాగితం చూడలేదు. గచ్చు మీద అటూ ఇటూ నడిచి, పలుగు మొనతో నాలుగైదు చోట్ల తట్టి, కుంగిన మూలలో కూర్చొని పగులులో వేలు పెట్టి మట్టి తీశాడు.

"గచ్చు తప్పేటీ లేదు బాబూ. కింద నేల కూకుండిపోనాది. మీరు ఆరంగులాలు ఏసినా, అడుగేసినా అదీ కూకుంటాది" అన్నాడు.

"చువ్వలు వేస్తే ఎలా కుంగుతుంది మేస్త్రీ?" అని పెద్దాయన అడిగాడు.

"ఇది ఒరి మడి బాబూ. మా తాత ఈ పక్క మడిలోనే ఊడుపులు ఊడ్చేవోడు. సినుకు పడితే ఆ గట్టు మీది నీరంతా ఇటే ఒచ్చేది."

మేస్త్రి పూర్వికుల ఊరు కర్మాగారానికి పోయిన పల్లెలలో ఒకటి. ఊరి శివారు మడులు కొన్ని సేకరణకు వెలుపల మిగిలిపోయి, తరువాతి కాలంలో చేతులు మారి, లారీలతో ఎర్రమట్టి పోయించుకొని ఇళ్ళ స్థలాలయ్యాయి. పెద్దాయన కొన్న స్థలం అందులోనిదే. ముప్ఫై ఏళ్ళు తాను నివసించిన క్వార్టరు కూడా అటువంటి వారి నేలమీదనే ఉండేదని ఆయనకు తెలియనిది కాదు. కాని ఆ నేల గురించి చెప్పగలిగిన మనిషి తన వాకిట్లో కూర్చొని మట్టిని వేళ్ళ మధ్య నలుపుతుంటే ఆయన ఆ రోజు ఇంకేమీ వాదించలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాడు.

మేస్త్రి చెప్పిన మాట శాస్త్రానికి నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. కాంక్రీటు పలక కారు బరువును తానొక్కటే మోయదు, కింది నేలకు పంచి పెడుతుంది. నేల అంతటా ఒకే తీరుగా గట్టిగా ఉంటే నాలుగైదు అంగుళాల పలక కారుకు ధారాళంగా చాలుతుంది. ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉంటే పలక వంతెనలాగా గాలిలో వేలాడుతుంది. వంతెనగా నిలవడానికి దానిని కట్టలేదు కనుక విరుగుతుంది. అందుచేత ముందుగా తెలుసుకోవలసినది సిమెంటు సంగతి కాదు, మట్టి సంగతి.

విశాఖ ప్రాంతపు మట్టి ఏకరూపమైనది కాదు. తూర్పుకనుమల అంచున ఖోండలైటు అనే రాయి ఉన్నది. ఖోండు గిరిజనుల పేరే ఆ రాతికి పెట్టారు. ఆ రాయి యుగాలుగా ఎండకూ వానకూ శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. కొండవాలులో ఈ ఎర్రమట్టి, అప్పికొండ వంటి తీరగ్రామాల దగ్గర ఇసుక, రేవు పరిసరాల పాత ఉప్పుటేటి పల్లాలలో మెత్తని సముద్రపు బంకమట్టి, చెరువు దిగువ మడులలో నల్లని జిగట మట్టి ఉంటాయి. నాలుగు మైళ్ళలో నాలుగు రకాలు. ఎర్రమట్టి స్వభావం విచిత్రమైనది. ఎండలో పలుగు దిగనంత గట్టిగా ఉంటుంది. నీరు ఒరుసుకొని పారితే ఆ గట్టిదనమంతా కరిగిపోతుంది. భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఆ దిబ్బలలో వాననీరు కోసిన లోతైన గండ్లు ఎంత అందంగా ఉన్నా, అవి నీటికి మట్టి లొంగిన గుర్తులే. అక్కడ జరిగినదే చిన్న ఎత్తున గచ్చు కింద కూడా జరుగుతుంది. పగులు గుండా దిగిన నీరు సన్నని మట్టిని ఏ అంచు నుండో బయటికి తీసుకుపోతుంది. పైన పలక అలాగే ఉంటుంది, కింద బొరియ ఏర్పడుతుంది. కర్రతో తట్టినప్పుడు వినిపించిన డొల్ల శబ్దం దానిదే.

మట్టిని చదవడం మన పూర్వులకు తెలియని విద్య కాదు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమనే అధ్యాయాన్ని ఇందుకే కేటాయించాడు. ఏ చెట్టు ఎక్కడ మొలిచింది, పుట్ట ఏ దిక్కున ఉన్నది, మట్టి ఏ రంగులో ఉన్నది అనే గుర్తులను బట్టి భూగర్భంలో నీటిజాడను ఊహించే పద్ధతులు అందులో ఉన్నాయి. వాటిలోని ప్రతి సూత్రమూ నేటి పరీక్షకు నిలుస్తుందని చెప్పలేము. తవ్వడానికి ముందు చూడాలనే పద్ధతి మాత్రం ఎన్నటికీ పాతబడేది కాదు.

పెద్దాయన, మేస్త్రి కలిసి మర్నాడు అదే పని చేశారు. వాకిలి రెండు మూలలలో అడుగున్నర లోతు గుంతలు తీశారు. ఇంటి వైపు గుంతలో పైన ఎర్రమట్టి, దాని కింద నల్లని మట్టి కనిపించింది. తడిసిన ఆ నల్లమట్టిని అరచేతుల మధ్య నలిపితే జంతిక చుట్టినట్లు సన్నని తాడుగా సాగింది, తెగలేదు. అలా సాగే మట్టిలో బంక ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకొంటుంది. గేటు వైపు మూలలోని మట్టి తాడుగా సాగక మధ్యలోనే విరిగిపోయింది. రెండు గుంతలనూ నీటితో నింపి గడియారం చూశారు. గేటు వైపు గుంత రెండు గంటలలో ఖాళీ అయింది. ఇంటి వైపు గుంతలో నీరు మర్నాటి ఉదయానికీ సగం మిగిలే ఉన్నది. ఈ పరీక్షకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఇల్లు కట్టిననాడు ఎవరూ దీనిని తలపెట్టలేదు.

ఇక వాతావరణం సంగతి. కాంక్రీటు ఎండకు వ్యాకోచిస్తుంది, చల్లబడితే సంకోచిస్తుంది. మీటరు పొడవు కాంక్రీటు ఒక్క డిగ్రీ వేడికి మిల్లీమీటరులో సుమారు నూరోవంతు సాగుతుంది. వినడానికి ఇది లెక్కలోనికి రానంత స్వల్పం. కాని తెల్లవారుజామున చల్లగా ఉన్న గచ్చు మే నెల మధ్యాహ్నానికి ముప్ఫై డిగ్రీలు వేడెక్కితే, పది మీటర్ల పలక మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. ఒకవైపు పోర్టికో, ఒకవైపు గేటు దిమ్మ అడ్డుపడితే అది ఎటు పోతుంది? సాగడం కంటె కూడా ప్రమాదకరమైనది కొత్త కాంక్రీటు ఆరుతూ ముడుచుకోవడం. ఆ ముడుత పగులుగా బయటపడకుండా ఉండడానికి పలకను ముందుగానే ముక్కలుగా విభజించి జాయింట్లు ఇవ్వాలి. నాలుగు అంగుళాల పలకకు రెండున్నర, మూడు మీటర్లకు ఒక జాయింటు అవసరం. ప్రతి ముక్క కూడా చతురస్రానికి దగ్గరగా ఉండాలి. పెద్దాయన వాకిట్లోని పాత గచ్చుకు ఒక్క జాయింటు కూడా లేదు. మనిషి గీయని గీతను ఎండే గీసింది.

పెద్దాయనకు అన్నిటికంటె కష్టంగా తోచినది ఇనుము సంగతి. సముద్రం కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. ఉప్పుగాలి కిటికీ చువ్వలను, గేటు మడత బందులను తినడం విశాఖవాసులకు నిత్యానుభవం. కాంక్రీటులోని చువ్వ మీద తగినంత మందంగా, చిక్కగా కప్పు లేకపోతే ఆ ఉప్పు తేమతో కలిసి లోపలికి దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుము తన పూర్వ పరిమాణానికి రెండింతలకు మించి ఉబ్బుతుంది. ఉబ్బిన చువ్వ కాంక్రీటును లోపలి నుండి చీలుస్తుంది. నేలమీద ఆనుకొని, జాయింట్లతో చిన్న ముక్కలుగా ఉండే పలకకు చువ్వల అవసరమే లేదు. జీవితమంతా ఉక్కు తయారుచేసినవాడు తన వాకిట్లో ఉక్కు వద్దనుకోవడానికి రెండు రోజులు పట్టింది.

అయితే కొలిమి ఆయనను పూర్తిగా విడిచిపెట్టలేదు. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుముతోపాటు స్లాగ్ అనే చిట్టెం కరిగి వస్తుంది. ఎర్రగా ప్రవహించే ఆ ద్రవం మీద వేగంగా నీటిని చిమ్మితే ముతక ఇసుకలాంటి గుళికలుగా మారుతుంది. ఆ గుళికలను సిమెంటు కర్మాగారాలు కొనుక్కుపోయి, క్లింకరుతో కలిపి మెత్తగా నూరి స్లాగ్ సిమెంటు తయారుచేస్తాయి. భారతీయ ప్రమాణం ప్రకారం ఈ సిమెంటులో స్లాగ్ 25 నుండి 70 శాతం వరకు ఉండవచ్చు. ఇది మామూలు సిమెంటుకన్న నెమ్మదిగా గట్టిపడుతుంది, తక్కువ వేడి పుట్టిస్తుంది, ఉప్పును లోపలికి చొరనివ్వకుండా ఎక్కువగా అడ్డుకొంటుంది. తీరప్రాంతానికి ఇంతకంటె అనువైనది దొరకడం కష్టం. తన కళ్ళముందు ఏళ్ళ తరబడి వృథా పదార్థంగా పారిన వస్తువు తన వాకిటికే పనికివస్తుందని పెద్దాయన మేస్త్రికి వివరిస్తుంటే, "మా ఇళ్ళల్లో ఎప్పటినుంచో అదే సిమెంటు బాబూ" అని మేస్త్రి నవ్వాడు.

వాన లెక్క ఇల్లాలు అడిగింది. "ఏమండీ, మన వాకిట్లో పడిన వాన ఎంతో, అదంతా వీధిలోకే పోతోంది గదా" అన్నది. లెక్క సులువే. ఒక మిల్లీమీటరు వాన చదరపు మీటరుకు ఒక లీటరు నీటితో సమానం. విశాఖలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైచిలుకు వర్షం పడుతుంది. ముప్ఫై చదరపు మీటర్ల గచ్చు మీద పడే నీరు ఏడాదికి ముప్ఫై వేల లీటర్లు దాటుతుంది. ఆ వీధిలో అన్ని ఇళ్ళ గేట్ల నుండీ అంతేసి నీరు ఒకేసారి రోడ్డు మీదికి వస్తుంది. చిన్న వానకే వీధి ఏరు కావడంలో వింత లేదు. మరోవైపు ఏలేరు జలాశయం నుండి సుమారు నూట యాభై కిలోమీటర్ల కాలువ గుండా నీరు తెచ్చి కర్మాగారానికీ, నగరానికీ అందిస్తున్నారు. అంత దూరం నుండి నీరు గేటులోపలికి వస్తుంటే, ఆకాశం ఉచితంగా ఇచ్చిన నీరు అదే గేటు నుండి బయటికి పోతున్నది. 2002 నాటి వాల్టా చట్టం వాననీటిని ఇంకించే కట్టడాల గురించి చెప్పింది. చాలా ఇళ్ళలో ఆ గుంత ప్లాను కాగితం మీదనే ఇంకిపోయింది.

ఇల్లాలు అడిగినది ఇంకొకటి కూడా ఉన్నది. గుమ్మం ముందు ముగ్గు వేసుకోవడానికి రెండు గజాల మట్టినేల. గచ్చు మీద కళ్ళాపి నిలవదు, ముగ్గు తొలిగాలికే చెదిరిపోతుంది. ఉక్కునగరం క్వార్టరు విడిచిన తరువాత ధనుర్మాసంలో ఒక్కనాడైనా ఆమెకు తృప్తిగా ముగ్గు వేసినట్లు లేదు. ఖర్చు చూస్తే ఈ కోరిక ఖర్చు పెంచేది కాదు, తగ్గించేది.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. వాకిలి మొత్తం గచ్చు చేయకుండా, కారు చక్రాలు నడిచే చోట మాత్రమే రెండు కాంక్రీటు పట్టీలు. ఒక్కొక్క పట్టీ డెబ్బై అయిదు సెంటీమీటర్ల వెడల్పు, అయిదు అంగుళాల మందం. వాటి మధ్య, పక్కల కంకరచిప్స్, గడ్డి. గుమ్మం ఎదుట మట్టినేల. గేటు మూలలో ఇంకుడుగుంత. పట్టీలు సన్నవి కనుక జాయింట్లు మీటరుకొకటి. మందం పెరిగినా, పరచే చోటు సగానికి తగ్గడంతో సిమెంటు ఖర్చు తగ్గింది. ఇరవై నాలుగు బస్తాలకు బదులు పదిహేనుతో సరిపోయింది.

మాఘమాసంలో పని మొదలయింది. పాత గచ్చును సమ్మెటలతో పగలగొట్టారు. ఆ ముక్కలను లారీకెత్తి ఏ గెడ్డలోనో పారబోయడం రివాజు. మేస్త్రి అలా చేయనీయలేదు. పెద్ద ముక్కలను ఇంకుడుగుంత అడుగుకూ, చిన్నవాటిని పట్టీల కింద పరుపుకూ వేరుచేయించాడు. పట్టీలు రావలసిన చోట అడుగున్నర లోతు తవ్వి, నల్లమట్టి తీసి, గేటు వైపు దొరికిన ఎర్రమట్టిలో ఇసుకా కంకరా కలిపి నింపారు. ఒకేసారి నింపలేదు. అరచేయి మందం పొర వేయడం, ముద్ద కట్టీ కట్టనంతగా నీళ్ళు చిలకరించడం, దిమ్మిస కొట్టడం. మళ్ళీ పొర, మళ్ళీ నీరు, మళ్ళీ దిమ్మిస. నలుగురు కూలీలు రెండున్నర రోజులు ఈ ఒక్క పనే చేశారు. వీధిలో పోయేవారు ఆగి, ఇంకా కాంక్రీటు వేయలేదేమని అడిగారు. పెద్దాయన కూడా రెండోనాటి మధ్యాహ్నం కొంచెం విసుగు చూపినమాట నిజం. మేస్త్రి పలుగు తీసుకొని ఒక దెబ్బ వేశాడు. మొన అంగుళం దిగి ఆగింది. "ఇంకొక్క పొర బాబూ" అన్నాడు.

ఇంటి నుండి గేటు వైపుకు యాభైకి ఒకటి వాలు ఇచ్చారు. అంటే పది మీటర్లలో ఇరవై సెంటీమీటర్లు. పోర్టికో గచ్చుకూ కొత్త పట్టీలకూ మధ్య తారు పూసిన బోర్డు నిలిపి, ఒకదానినొకటి నెట్టుకోకుండా ఎడం ఉంచారు. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. నీరు మాత్రం మేస్త్రి స్వయంగా కొలిచి పోశాడు. కూలీలకు పని సులువు కావడం కోసం బకెట్టు నీళ్ళు ఎక్కువ పోయడం అన్ని చోట్లా జరిగేదే. ఆ ఎక్కువ నీరు ఆవిరై పోయిన చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి, ఉప్పూ తేమా వాటినుండే దిగుతాయి. తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ముదిరేలోగా పోత ముగించారు. తడి ఆరకముందే గోనెపట్టాలు కప్పారు. మర్నాడు పట్టీల మీద ఇసుకతో చిన్న చిన్న గట్లు వేసి, వరిమడులలాగా నీరు నింపారు.

స్లాగ్ సిమెంటు నెమ్మదిగా గట్టిపడేది కనుక దానికి నీరు ఎక్కువ రోజులు పెట్టాలి. ఐ.ఎస్. 456 అనే ప్రమాణం మిశ్రమ సిమెంట్లకు కనీసం 10 రోజులు చెప్పి, 14 రోజులకు పొడిగించడం మంచిదని సూచిస్తుంది. ఇల్లాలు ఆ పద్నాలుగు రోజులూ ఉదయం సాయంత్రం తానే మడులు నింపింది. విరిగి అతికిన చేతితో బకెట్టు ఎత్తవద్దని పెద్దాయన వారిస్తే, గొట్టం తగిలించుకొన్నది. కారు మరో రెండు వారాలు వీధిలోనే ఉన్నది.

ఇదే కొలతలు ఎక్కడైనా పనికివస్తాయని అనుకోవడం పొరపాటు. గుంటూరు, కర్నూలు ప్రాంతాల నల్లరేగడిలో మట్టి ఉబ్బుడు ఇంతకు అనేక రెట్లు. అక్కడ పై మట్టిని లోతుగా తీసి ఉబ్బని మట్టితో నింపక తప్పదు. తరచు లేచి సర్దుకోవడానికి వీలైన ఇంటర్‌లాకింగ్ దిమ్మెలు అటువంటి చోట పలకకన్న నయం. తీరపు ఇసుకలో నీరు ఇట్టే ఇంకుతుంది కాని, పక్కలకు జారకుండా అంచులకు రాళ్ళు కట్టాలి. రాయలసీమ నాపరాయి పలకలు అందంగా ఉంటాయి, తడిస్తే జారుతాయి. ఇంకుడుగుంత కూడా పునాదికి కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి. బంకమట్టిలో తవ్వితే అది ఇంకుడుగుంత కాదు, దోమల గుంత.

ఆ ఏడు అక్టోబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు ఎడతెగని వాన కురిసింది. విశాఖలో ఏడాది మొత్తం మీద అక్టోబరులోనే సాధారణంగా ఎక్కువ వర్షం పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినది కూడా ఆ నెలలోనే. వీధిలో నీరు మోకాలి దాకా పారింది. పెద్దాయన గొడుగు వేసుకొని గేటు మూలలో నిలబడి ఇంకుడుగుంతను చూశాడు. మొదటి రోజు అది నిండుతూ ఇంకుతూ ఉన్నది. రెండోరోజు మధ్యాహ్నానికి నిండి పొర్లి, మేస్త్రి ముందుగానే పెట్టిన గొట్టం గుండా వీధి కాలువలోనికి పోయింది. పట్టీల మధ్య గడ్డిలో నీరు నిలవలేదు. గుమ్మం ముందు మట్టినేల మాత్రం బురద అయింది. నాలుగు రోజులు ముగ్గు లేదు. ఇల్లాలు దానికేమీ అనుకోలేదు.

వాన వెలిసిన ఆదివారం పక్కింటాయన కొలత టేపు పట్టుకొని వచ్చాడు. ఆయన గచ్చు కూడా గేటు దగ్గర కుంగింది. రెండు పట్టీల మధ్య ఎడం ఎంత పెట్టారని అడిగి, వంగి కొలిచి, అరవై అయిదు సెంటీమీటర్లని చిన్న కాగితం మీద రాసుకొన్నాడు. పెద్దాయన ఆ కాగితం తీసుకొని ఆ అంకెను కొట్టివేశాడు. "ఇది మా చిన్న కారు కొలత. మీ అబ్బాయి పెద్ద బండి కొంటాడంటున్నారు గదా. ముందు దాని చక్రాల మధ్య దూరం కొలవండి. దానికన్నా ముందు ఒక గుంత తీసి నీళ్ళు పోసి చూడండి. మేస్త్రి బుధవారం దాకా రాడు, ఈలోగా అది మీరే చేయవచ్చు" అని, పలుగు ఎక్కడ పెట్టానా అని వెతుకుతూ లోపలికి వెళ్ళాడు.